తెల్లది దాటితే తిరిగిరా

మామయ్య పద్దుల పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. మొదటి నాలుగు పేజీల్లో వేరుశనగ విత్తనాల ఖర్చు, కలుపు కూలి, కావలి బజారులో కొన్న పశువుల తాళ్ల లెక్క ఉంటాయి. ఐదో పేజీ నుంచి గోల్ఫ్ నియమాలు మొదలవుతాయి. నీలం సిరా, గుండ్రటి తెలుగు అక్షరాలు. స్ట్రోక్ అన్నచోట 'దెబ్బ', పెనాల్టీ అన్నచోట 'జరిమానా', ఔట్ ఆఫ్ బౌండ్స్‌కు 'ఎల్ల దాటుట', ప్రొవిజనల్ బాల్‌కు 'ముందుజాగ్రత్త బంతి' అని రాసుకున్నాడు. నియమాల సంఖ్యలు ఎక్కడా లేవు. వాటికి బదులు ప్రతి నియమం పక్కనా మా పొలంలోనో తోటలోనో ఒక చోటు పేరు ఉంది: 'దొరువు దగ్గర', 'గంగమ్మ గుడి వెనక', 'పెద్ద తిప్ప మీద'. నాకు ఈనాటికీ ఆ నియమాలు అలాగే గుర్తుంటాయి. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు ఆ ఇసుక కళ్లముందుకు వస్తుంది, ఆ తరవాతే మాట వస్తుంది.

మా అమ్మమ్మగారి ఊరు కావలికి తూర్పున, బకింగ్‌హాం కాలువ దాటి సముద్రం వైపు వెళ్లాక వస్తుంది. అటు కాలువ, ఇటు సముద్రం, నడుమ ఇసుక నేల. వేరుశనగ చేలు, సజ్జ చేలు, సరుగుడు తోటలు. ఇసుకలో కాస్త లోతుకు తవ్విన దొరువుల్లో నీళ్లు ఊరేవి. కడవలతో ముంచి మొక్క మొక్కకూ పోసేవారు. వరి కయ్యలన్నీ కాలువకు పడమట. నెల్లూరు అనగానే అందరికీ గుర్తొచ్చే మొలగొలుకుల వరి మా ఇసుకలో పండదు. అందుకే మా ఊళ్లో నేలకు పెద్ద విలువ ఉండేది కాదు, పిల్లలు ఎంత దూరం పరుగెత్తినా ఎవరూ కసిరేవారు కాదు.

మామయ్య మా అమ్మకు పెద్దన్న. పన్నెండో ఏట మదరాసు రైలెక్కాడు. అప్పట్లో నెల్లూరు సీమ వాళ్లకు పట్నం అంటే మదరాసే. చదువుకైనా, వైద్యానికైనా, కూలికైనా అక్కడికే. గిండీలో గుర్రప్పందాలు జరిగే బాట లోపల గోల్ఫ్ మైదానం ఉండేది. అక్కడ సంచులు మోసే క్యాడీగా చేరాడు. ఆటగాళ్ల వెంట నడుస్తూ, వాళ్ల వాదనలు వింటూ నియమాలు నేర్చుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడా ఆ నియమాల పుస్తకంలోంచే కూడబలుక్కున్నాడు. చివరి పదేళ్లూ మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టే చోట నిలబడి ఆటగాళ్లను వరసగా పంపించే పని చేశాడు. ఏ ఇద్దరికి తగాదా వచ్చినా ఆయన్నే పిలిచి అడిగేవారట. ఈ మాట ఆయన చెప్పుకోలేదు. ఆయనతో పాటు మదరాసులో పనిచేసి వచ్చిన మా ఊరాయన ఒకరు చెప్పారు.

1980లో తాతయ్య పోయాక, సేద్యం చూసుకోవడానికి మామయ్య ఊరికి తిరిగివచ్చాడు. ట్రంకుపెట్టెతో పాటు రెండు గోల్ఫ్ కర్రలు తెచ్చాడు. ఒకటి దూరం కొట్టే సెవెన్ ఐరన్, ఇంకొకటి బంతిని గుంటలోకి దొర్లించే పట్టర్. అవి కాక పదకొండు బంతులు, అట్ట ఊడిన నియమాల పుస్తకం. నాకప్పుడు పదేళ్లు. మామయ్య పెద్ద కూతురు, నాకు వదిన వరస, నాకంటే రెండేళ్లు పెద్ద. ఆ ఎండాకాలం మొదలుకొని ఐదారేళ్ల పాటు ప్రతి సెలవులకూ మేమిద్దరమే ఆయన శిష్యులం.

మొదటి రోజు మమ్మల్ని పెద్ద తిప్ప ఎక్కించి నాలుగు వైపులా చూపించాడు. "ఈ ఆట పుట్టింది ఇలాంటి నేలలోనే నాయనా" అన్నాడు. స్కాట్లండులో సముద్రానికీ సాగుభూములకూ నడుమ ఉండే ఇసుక తిప్పల నేలను లింక్స్ అంటారని, నాగలికి పనికిరాని ఆ బీడులోనే జనం బంతి ఆడుకునేవారని చెప్పాడు. సెయింట్ ఆండ్రూస్ పేరు మొదటిసారి అక్కడే విన్నాను. అక్కడ ఒక ఆటకు 22 గుంటలు ఉండేవనీ, 1764లో వాటిని 18కి తగ్గిస్తే ఆ లెక్కే తరవాత లోకమంతటికీ లెక్క అయిందనీ చెప్పి, "మనకు ఐదు చాలు" అన్నాడు. సముద్రం మీది నుంచి గాలి కొడుతోంది. మా ఊరి బీడుకూ, ఎక్కడో ఉన్న ఆ దేశపు బీడుకూ చుట్టరికం ఉందన్న ఆ మాట నాకు చెప్పలేనంత గర్వం తెచ్చింది. మా నేలను ఎవరైనా మెచ్చుకోగా వినడం అదే మొదలు.

గుంటల కొలత విషయంలో మామయ్య రాజీపడలేదు. గోల్ఫ్ గుంట అడ్డకొలత నాలుగుంపావు అంగుళాలు. ఆ కొలతకు దారం తెంపి జేబులో వేసుకుని కావలి బజారులో దుకాణం దుకాణం తిరిగి, సరిగ్గా అంత వెడల్పున్న రేకు డబ్బాలు ఐదు సంపాదించాడు. వాటిని ఇసుకలో పాతాడు. గడ్డి పెంచడానికి నీళ్లు ఎక్కడివి? గుంట చుట్టూ నేలను కళ్లంలా చదును చేయించి, అత్తయ్య చేత పేడతో అలికించాడు. నీళ్లు చాలని ఊళ్లలో గ్రీన్, అంటే గుంట చుట్టూ పెంచే పచ్చిక ఉండదనీ, ఇసుకకు నూనె పట్టించి చదును చేసి బ్రౌన్ అంటారనీ అప్పుడే చెప్పాడు. మాది పేడ కళ్లం కాబట్టి బంతి చక్కగా దొర్లేది. మొదటి దెబ్బకు బంతిని ఎత్తుగా నిలిపే చెక్కపుల్లలు (వాటినీ టీ అనే అంటారు) లేవు. దొరువులోంచి గుప్పెడు తడి ఇసుక తెచ్చి, మూడు వేళ్లతో చిటికెడు గోపురం చేసి దాని మీద బంతి పెట్టేవాళ్లం. వెనకటి రోజుల్లో అన్ని చోట్లా ఇంతేనని, చెక్క టీలు తరవాత వచ్చాయని మామయ్య చెప్పాడు.

ఇక ఎల్లలు. మామయ్య మూడు కుండపెంకుల్లో సున్నం, పసుపు, జాజు కలిపాడు. అత్తయ్య గోడకు కొట్టే సున్నం, గడపకు రాసే పసుపు, అరుగుకు పూసే జాజు. తాటిచెట్ల వరసకు మొదళ్లలో సున్నం కొట్టాడు. అది దాటితే పక్క వాళ్ల పొలం, అంటే ఎల్ల దాటినట్టే. దొరువు చుట్టూ పసుపు పూసిన గుంజలు పాతాడు. కాలువ గట్టు వెంట జాజు పూసిన గుంజలు. బకింగ్‌హాం కాలువ మా రెండో గుంటకు వెళ్లే దారికి ఆ చివర నుంచి ఈ చివర దాకా పక్కనే పారుతుంది కాబట్టి అది అడ్డంగా దాటాల్సిన నీరు కాదు, పక్కన పారే నీరు. ఆ తేడా పిల్లలకు ఎలా ఎక్కించాలి? ఒక పాటలాగా చెప్పించాడు:

"తెల్లది దాటితే తిరిగిరా. పసుపుది దాటితే వెనక్కి పో. ఎర్రది దాటితే పక్కన వెయ్."

మూడింటికీ ఒక దెబ్బ జరిమానా. తెల్ల గుర్తు దాటితే ముందు ఎక్కడి నుంచి కొట్టామో అక్కడికే తిరిగివచ్చి మళ్లీ కొట్టాలి. పసుపు గుర్తు దాటి నీళ్లలో పడితే, బంతి ఎల్ల దాటిన చోటునూ గుంటనూ కలిపే గీత మీద వెనక్కి ఎంత దూరమైనా వెళ్లి బంతి వదలవచ్చు. ఎర్ర గుర్తు అయితే దాటిన చోటు పక్కన రెండు కర్రల దూరంలోపు, గుంటకు దగ్గర కాకుండా వదలవచ్చు. ఈ మూడు ముక్కలు వచ్చినవాడికి సగం పుస్తకం వచ్చినట్టే. చాలా ఏళ్ల తరవాత హైదరాబాదులో, గోల్కొండ కోట నీడలో ఉన్న గోల్ఫ్ కోర్సులోకి ఒక మిత్రుడి పుణ్యమా అని అడుగుపెట్టాను. అక్కడ గుంజల రంగులు చూడగానే అప్రయత్నంగా నా నోట ఈ పాట వచ్చింది. ఆ మిత్రుడు పదేళ్లుగా ఆడుతున్నాడు, పసుపుకూ ఎరుపుకూ తేడా ఆ రోజే స్పష్టంగా తెలిసిందన్నాడు.

బంతి వదలడం అన్నాను కదా, దాని గురించి చెప్పాలి. మామయ్య పుస్తకం ప్రకారం గుంట వైపు ముఖం పెట్టి, నిటారుగా నిలబడి, బంతిని భుజం మీదుగా వెనక్కి వదలాలి. కాలువ గట్టు మీద వదిన అలా నిలబడి, కుడి చేయి పైకెత్తి, వేళ్లు విప్పేది. బంతి వీపు వెనక ఇసుకలో తప్పున పడేది. అత్తయ్య ఒకసారి చూసి "దిష్టి తీసి పారేసినట్టుందే" అంది. ఆ రోజు నుంచి మాకు అది 'దిష్టి బంతి' అయింది. నోటుపుస్తకంలో మామయ్య కూడా అలాగే రాశాడు, "దిష్టి బంతి: కాలువ గట్టు".

రాత్రి భోజనాలయ్యాక వాకిట్లో మంచాలు వేసుకున్నప్పుడు అసలు పాఠం జరిగేది. మామయ్య వెల్లకిలా పడుకుని ఆకాశం వైపు చూస్తూ అడిగేవాడు.

"ఆగి ఉన్న బంతిని కాకి ఎత్తుకుపోయింది. ఏం చేస్తావు?"

"ఇంకో బంతి అదే చోట పెడతాను. జరిమానా లేదు."

"కొట్టిన బంతి దొర్లుతూ పోతోంది. బర్రె కాలికి తగిలి ఆగింది."

"ఆగినచోటి నుంచే ఆడతాను."

"రెండింటికీ తేడా ఏమిటి?"

ఈ ప్రశ్నకు ఇద్దరమూ ఒక్క గొంతుతో అరిచేవాళ్లం: "ఆగినదాన్ని కదిపితే తిరిగి పెట్టు, కదిలేదాన్ని ఆపితే ఒప్పుకో!"

1744లో ఎడిన్‌బరో దగ్గర లీత్ అనే చోట ఆటగాళ్లు రాసుకున్న 13 నియమాలే మనకు మిగిలిన గోల్ఫ్ నియమాల్లో అన్నిటికంటే పాతవి. వాటిలో ఒకటి అచ్చంగా ఇదే. మనిషిగానీ, గుర్రంగానీ, కుక్కగానీ, మరేదైనాగానీ బంతిని ఆపితే, ఆగినచోటే ఆడాలి. పెద్దయ్యాక ఆ 13 నియమాలనూ చదివినప్పుడు అక్కడ గుర్రాన్నీ కుక్కనూ చూసి నాకు మా బర్రె గుర్తొచ్చింది. ఆ బర్రెకు నుదుట తెల్ల మచ్చ ఉండేది. సాయంత్రం ఇంటిదారి పట్టినప్పుడు సరిగ్గా మా నాలుగో గుంటకు అడ్డంగా నడిచేది.

ఆ బర్రె గిట్టలే నాకు అన్నిటికంటే కష్టమైన నియమం నేర్పాయి. తడిసిన ఇసుకలో దాని గిట్టగుంట లోతుగా దిగబడి ఉంది. నా బంతి సరిగ్గా అందులో పడింది. పైకి బంతి నెత్తి మాత్రమే కనబడుతోంది. ఇది న్యాయం కాదని మామయ్యతో ఏడుపు గొంతుతో వాదించాను. ఎండ్రకాయ బొరియలో పడితే జరిమానా లేకుండా తీసి పక్కన వేసుకోవచ్చు కదా, గిట్టగుంటకు ఎందుకు వద్దు? ఆయన నా పక్కన గొంతుకూర్చుని శాంతంగా చెప్పాడు. బొరియ జంతువు తన ఇంటి కోసం తవ్వుకున్నది, దానికి పుస్తకంలో చోటుంది. అడుగు నేల మీద పడే గుర్తు, అది నేలలో భాగం. "బంతి ఎక్కడుంటే అక్కడే. నేల ఎలా ఉంటే అలాగే. తక్కినవన్నీ ఈ రెంటికీ మినహాయింపులు నాయనా. ముందు ఈ రెండూ ఒప్పుకుంటేనే మినహాయింపులు గుర్తుంటాయి." నిజమే. ఈనాటికీ నేను నియమాలను గుర్తు తెచ్చుకునే పద్ధతి ఇదే. ఎక్కడ తీయవచ్చు అని వెతకను. ఉన్నచోటే ఆడాలి అని మొదలుపెట్టి, మినహాయింపు ఏదైనా ఉందా అని చూస్తాను.

మరి ఇసుక గొయ్యి? అంతా ఇసుకే అయినప్పుడు బంకర్ ఏది? దీనికి మామయ్య బాగా ఆలోచించాడు. బంకర్ అంటే ఆట కోసం ప్రత్యేకంగా చేసిన ఇసుక గొయ్యి, ఊరికే ఇసుక ఉన్నంత మాత్రాన అది బంకర్ కాదు. కాబట్టి ఎండిపోయి వదిలేసిన పాత దొరువు ఒక్కటే మా బంకర్. అందులోకి దిగితే కొట్టేముందు కర్ర ఇసుకకు తగలకూడదు. మిగిలిన ఇసుకంతా మామూలు నేల. వెయ్యి అడుగుల ఇసుక మీద నడిచి ఆ గొయ్యి అంచు దిగగానే చేతులు వాటంతట అవే కర్రను పైకెత్తేవి.

ఇప్పుడు సరుగుడు ఆకు సంగతి.

మూడో గుంట దారి తోటలోంచి వెళుతుంది. సరుగుడు ఆకు సూదిలా సన్నగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. చిన్నప్పుడు ఒక కణుపు దగ్గర విడదీసి మళ్లీ అతికించి, "ఎక్కడ విరిచానో చెప్పు" అని ఆడుకునేవాళ్లం. రాలిన ఆకు తోటంతా పరుపులా పరుచుకుని ఉంటుంది. 1983 మే నెలలో ఒక పొద్దున నా బంతి ఆ పరుపు మీద పడింది. అప్పటికి ఆటలో వదినా నేనూ సరిసమానంగా ఉన్నాం. రాలిన ఆకులు, పుల్లలు, రాళ్లు నేలకు అతుక్కుని లేకపోతే తీసేయవచ్చు. తీసేటప్పుడు బంతి కదిలితే మాత్రం ఒక దెబ్బ జరిమానా, బంతిని తిరిగి మొదటి చోటే పెట్టాలి.

నేను బోర్లా పడుకున్నాను. ఒక్కొక్క ఆకునూ చివర పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తన పొడుగునా వెనక్కి లాగాను. ఎత్తకూడదు, లాగాలి. ఎత్తితే పక్కది కూడా లేస్తుంది. ఎండు ఆకు గరగరలాడుతోంది. పది, పదిహేను తీశాను. బంతి మీద చిన్న గాటు ఒకటి, దాని పక్కన వెలిసిపోయిన అచ్చు అక్షరం నా కంటికి జానెడు దూరంలో ఉన్నాయి. పదహారో ఆకు బంతి కింద దాకా పోయినట్టుంది. అది కదలగానే బంతి సముద్రం వైపు ఒరిగింది. గాటు కిందికి దిగింది. నా గుండె ఆగింది. మళ్లీ గాటు పైకి వచ్చింది. బంతి నిలిచింది.

"కదిలింది!" అని వదిన నా వెనక నుంచి అరిచింది.

"ఊగింది. కదల్లేదు" అన్నాను.

అంతకు ముందు రాత్రే మామయ్య మాకు అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ కథ చెప్పాడు. 1925 అమెరికా ఓపెన్‌లో జోన్స్ బంతి కొట్టబోతుండగా కదిలింది. ఆయన తప్ప ఎవరూ చూడలేదు. తానే చెప్పి ఒక దెబ్బ జరిమానా వేసుకున్నాడు. చివరికి సమానంగా నిలిచి, మళ్లీ ఆడిన ఆటలో ఓడిపోయాడు. పోటీలో నెగ్గినవాడి పేరు విల్లీ మాక్‌ఫార్లేన్. వదిన చేతులు నడుముకు పెట్టుకుని "జోన్స్ చెప్పాడు కదా, నువ్వూ చెప్పు" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను దాచడం లేదు. నిజంగా బంతి తన చోటికే వచ్చింది.

మామయ్య తువ్వాలు భుజాన వేసుకుని నెమ్మదిగా వచ్చాడు. ఇద్దరి మాటా విన్నాడు. నన్ను ఒక్కటే అడిగాడు: "మొదట ఎక్కడుంది, చివరికి ఎక్కడ ఆగింది?"

"రెండూ ఒకచోటే మామయ్యా."

"అయితే ఊగింది. తన చోటు వదిలి ఇంకో చోట ఆగితేనే కదలడం. ఊగి ఉన్నచోటే నిలిస్తే కదలడం కాదు. ఆడు."

పుస్తకంలో ఆ పేజీ ఇప్పుడే మళ్లీ చూశాను. "ఊగి తిరిగి ఉన్నచోటే నిలిచిన బంతి కదిలినట్టు కాదు. సరుగుడు తోట, మూడో గుంట, అబ్బాయి బంతి." దాని కింద పెన్సిలుతో వదిన అక్షరాలు: "కదిలింది." మామయ్య దాన్ని చెరపలేదు.

మరుసటి ఏడాది, 1984 నవంబరులో, శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను గాలికి మా తోటలోనూ చెట్లు పడ్డాయి. నేను సంక్రాంతి సెలవులకు వెళ్లేసరికి ఇంకా కొన్ని అలాగే ఉన్నాయి. తోట పాడయినందుకు అత్తయ్య బాధపడుతూనే ఉంది. మామయ్య మమ్మల్ని ఇద్దరినీ తీసుకెళ్లి రెండు చెట్లు చూపించాడు. ఒకటి మొదలు దగ్గర విరిగినా, చేతి వెడల్పు పీచుతో మోడును పట్టుకునే ఉంది. ఇంకొకటి తెగి పూర్తిగా విడిపోయింది. "మొదటిది ఇంకా చెట్టే. రెండోది రాలిన ఆకుతో సమానం" అన్నాడు. విడిపోయిన చెట్టు ఎంత పెద్దదైనా సరే, కదిలించగలిగితే తీసేయవచ్చు. నలుగురిని సాయం పిలుచుకోవచ్చు కూడా. 1999లో ఫీనిక్స్ ఓపెన్ పోటీలో టైగర్ వుడ్స్ బంతికి అడ్డంగా ఉన్న పెద్ద బండరాయిని, ఆట చూడవచ్చిన జనంలో కొందరు కలిసి దొర్లించారు. దానికి నియమం ఒప్పుకుంటుందా అని అందరూ ఆశ్చర్యపోతుంటే, ఆ వార్త చదువుతూ నేను తోటలో పడిన ఆ రెండో చెట్టు దగ్గర ఉన్నాను.

ఆ సంక్రాంతికే మదరాసు నుంచి మామయ్య పాత స్నేహితుడు పంపిన కొత్త నియమాల పుస్తకం వచ్చింది. 1984 నుంచి బంతిని భుజం మీదుగా వెనక్కి వదలడం పోయింది. చేయి భుజం ఎత్తున బారుగా చాచి వదలాలి. మామయ్య పద్దుల పుస్తకం తెరిచి 'దిష్టి బంతి' మీద ఒకే ఒక్క గీత గీశాడు. పాత మాట చదవగలిగేలా ఉంచాడు. పక్కన ఎర్ర సిరాతో కొత్తది రాశాడు. చాలాసేపు కలం మూత పెట్టలేదు. నలభై ఏళ్లు పాటించిన పద్ధతి అది.

స్కోరు కార్డుల గురించి కూడా చెప్పాలి. పాత శుభలేఖల వెనక వైపు గళ్లు గీసి ఇచ్చేవాడు. నా దెబ్బలు వదిన రాయాలి, ఆమెవి నేను రాయాలి, చివర ఇద్దరమూ సంతకాలు చేయాలి. ఒకసారి నాలుగో గుంటలో నేను ఐదు దెబ్బల్లో ముగిస్తే వదిన పొరపాటున ఆరు వేసింది. నేను చూడకుండా సంతకం పెట్టాను. ఒక్క దెబ్బతో ఓడిపోయాను. పొరపాటు బయటపడ్డాక వదినే వెళ్లి చెప్పింది. అయినా మామయ్య మార్చలేదు. ఎక్కువ రాసినదానికి సంతకం పెడితే ఆ ఎక్కువే నిలుస్తుంది, తక్కువ రాసినదానికి పెడితే ఆట నుంచే తొలగిపోతాం. ఆ సాయంత్రం అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో గురించి చెప్పాడు. 1968 ఏప్రిల్‌లో అమెరికాలోని అగస్టాలో మాస్టర్స్ పోటీ చివరి రోజు. అది ఆయన పుట్టినరోజు కూడా. పదిహేడో గుంటలో ఆయన మూడు దెబ్బల్లో ముగించాడు. తోటి ఆటగాడు టామీ ఆరన్ కార్డులో నాలుగు వేశాడు. డి విసెంజో సరిచూడకుండా సంతకం పెట్టాడు. 65 కావలసింది 66గా నిలిచింది. ఆ ఒక్క దెబ్బతో బాబ్ గోల్బీ విజేత అయ్యాడు. జనం టీవీల్లో చూసింది మూడు, కార్డులో ఉన్నది నాలుగు. మామయ్యకు ఈ కథ చెప్పేటప్పుడు ప్రతిసారీ గొంతు పూడుకుపోయేది. నేను ఈనాటికీ బ్యాంకులోనైనా, రిజిస్ట్రారు ఆఫీసులోనైనా ప్రతి గడీ చదివాకే సంతకం పెడతాను.

ఆ తరవాత చదువులు, ఉద్యోగాలు. వదిన పెళ్లి చేసుకుని ఒంగోలు వెళ్లింది. నేను హైదరాబాదు చేరాను. మామయ్య 2002లో పోయాడు. రెండేళ్లకు, 2004 డిసెంబరు 26న, సునామీ వచ్చింది. మా పెద్ద తిప్ప వెనక ఉన్న ఇళ్లకు ఏమీ కాలేదు. పోయినవాడు అది చూసుంటే ఎంత సంతోషించేవాడో.

2019లో నియమాలను బాగా మార్చారు. 34 నియమాలను 24కి కుదించారు. నేను ఆ పుస్తకం తెప్పించుకుని, మామయ్య పద్దుల పుస్తకం పక్కన పెట్టుకుని, వారం రోజులు రాత్రిళ్లు చదివాను. చాలావరకు మంచి మార్పులే. వెతికేటప్పుడు పొరపాటున బంతికి కాలు తగిలితే ఇప్పుడు జరిమానా లేదు. తోటలో ఆకుల కింద వెతికినవాళ్లకు ఇది ఎంత న్యాయమో తెలుస్తుంది. గ్రీన్ మీద బూటు గుర్తులు సరిచేసుకోవచ్చు. జెండా కర్రను తీయకుండానే గుంటలోకి కొట్టవచ్చు. కానీ పోయిన బంతిని వెతకడానికి ఐదు నిమిషాల గడువును మూడుకు తగ్గించడం నాకు నచ్చలేదు. ఆట త్వరగా సాగాలన్నది కారణం. మామయ్య చేతి గడియారం పట్టుకుని నిలబడితే, ఆ ఐదు నిమిషాల్లో చివరి నిమిషంలోనే మాకు ఎన్నో బంతులు దొరికాయి. మూడు నిమిషాల్లో కన్ను తోట నీడకు అలవాటు పడదు కూడా.

బంతి వదలడం మళ్లీ మారింది. ఇప్పుడు మోకాలి ఎత్తు నుంచి. పద్దుల పుస్తకంలో 'దిష్టి బంతి' అని ఉన్నచోట, మామయ్య ఎర్ర సిరా కింద, నేను ఆకుపచ్చ సిరాతో రాశాను. ఆ పేజీలో నా చేతిరాత ఉన్నది ఆ ఒక్కచోటే.

మొన్న డిసెంబరులో వదినతో కలిసి ఊరికి వెళ్లాను. రెండో గుంట ఉన్న చోట రొయ్యల చెరువులు తవ్వారు. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. దొరువు పూడిపోయింది. పెద్ద తిప్ప ఉంది, కొంచెం తగ్గింది. సరుగుడు తోట ఉంది, కానీ అవి అప్పటి చెట్లు కావు. సరుగుడును కొన్నేళ్లకు ఒకసారి కొట్టి మళ్లీ వేస్తారు, మా తరవాత ఎన్ని తోటలు మారాయో. నేల మీద ఆకు పరుపు మాత్రం అదే. అదే గరగర, అదే ఉప్పు గాలి.

నేను సంచిలోంచి బంతి తీసి తిప్ప కింద నిలబడ్డాను. వదిన అడిగింది, "ఎలా వదులుతావు?" మొదట మోకాలి ఎత్తు నుంచి వదిలాను. తరవాత చేయి చాచి వదిలాను. అప్పుడు ఆమె బంతి నా చేతిలోంచి తీసుకుని, తోట వైపు ముఖం పెట్టి, నిటారుగా నిలబడి, అరవై ఏళ్లకు దగ్గర పడుతున్న ఆ చేతిని పైకెత్తి, భుజం మీదుగా వెనక్కి వదిలింది. బంతి తప్పున పడి, వాలు వెంట రెండు మూరలు దొర్లి, సరుగుడు ఆకుల్లోకి వెళ్లి ఆగింది.

ఇద్దరమూ వంగి చూశాం. బంతి కింద ఒక ఆకు అడ్డంగా ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చుని, దాని చివర పట్టుకుని, పొడుగునా వెనక్కి లాగడం మొదలుపెట్టాను. బంతి ఒరిగింది. మళ్లీ నిలిచింది.

"కదిలింది" అంది వదిన.